అప్రదక్షిణంగా ఒక చెరువు

చెరువు చుట్టూ నడిచేటప్పుడు ఎటు నుంచి మొదలుపెట్టాలన్న విషయం మీద నాకూ నా చిన్ననాటి మిత్రుడికీ నాలుగేళ్లుగా తగాదా ఉంది. దీపావళి వెళ్లిన వారంలో నేను ఊరికి వెళ్తాను. వెళ్లిన మర్నాటి సాయంత్రం ఇద్దరమూ కలిసి చెరువును ఒకసారి చుట్టి వస్తాము. మాది నెల్లూరు జిల్లా మెట్టలో, కలిగిరి వైపు, ఒక చిన్న ఊరు. చెరువూ చిన్నదే. అతని ఫోను చెప్పిన లెక్క ప్రకారం చుట్టుకొలత నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. ఆగకుండా నడిస్తే గంట, మేము నడిచినట్టు నడిస్తే రెండు గంటలు. గుడి చుట్టూ తిరిగినట్టు చెరువును కుడిచేతి వైపు ఉంచుకొని తిరగాలని అతని పట్టు, ఎడమచేతి వైపు ఉంచుకొని తిరుగుదామని నా పట్టు. “అట్టా తిరిగేది శ్మశానంలోరా, చెరువు కాడ కాదు” అని అతను ఏటా అదే మాట అంటాడు, అని నవ్వుతాడు, కానీ నవ్వుతూ కూడా కట్ట వైపే అడుగు వేస్తాడు.

ఇది ఆచారానికి సంబంధించిన తగాదా అయితే నేను ఎప్పుడో ఒప్పుకొని ఉండేవాణ్ణి. మా నేల పడమటి కొండల నుంచి తూర్పు సముద్రానికి వాలి ఉంటుంది కనుక చెరువుకు కట్ట తూర్పున ఉంది. ఊరు కట్టకు ఉత్తరపు కొసన, కలుజు దక్షిణపు కొసన. చెరువు నిండిన తరువాత మిగులు నీరు పొర్లి పోయే చోటును చాలా జిల్లాల వాళ్లు అలుగు అంటారు, మేము కలుజు అంటాము. కుడిచేతి లెక్కన బయలుదేరితే ఊళ్లో నుంచి నేరుగా కట్ట ఎక్కుతాము. ఎదురుగా నీళ్ల మీద పొద్దు వాలుతూ ఉంటుంది, గాలి చల్లగా తగులుతుంది, కలుజు దాకా వెళ్లేసరికి కాళ్లకూ కళ్లకూ తృప్తి కలుగుతుంది. అక్కడ నిలబడితే, మిగిలిన దారంతా ముళ్లూ బురదా పాములూ అన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తుకొస్తుంది. మొదటి రెండేళ్లూ మేము అక్కడి నుంచే వెనక్కి తిరిగి, కట్ట మీదుగానే ఇంటికి వచ్చి, చెరువు చుట్టి వచ్చామని ఇంట్లో చెప్పాము. అబద్ధం చెబుతున్నామని ఇద్దరిలో ఎవరికీ అనిపించలేదు, ఎందుకంటే ఊళ్లో అందరూ చెరువు దాకా వెళ్లి రావడమంటే అదే అనుకుంటారు.

ఎడమచేతి లెక్కన అయితే ఊరి వెనక నుంచి పడమటికి పోయి, చెరువులోకి నీరు దిగే కాలువ దగ్గర మొదలుపెట్టి, నీరు పరుచుకొనే అంచు వెంట దక్షిణానికి నడిచి, నీరు పోయే కలుజు దగ్గర కట్ట ఎక్కి ఇల్లు చేరుతాము. అంటే నీరు నడిచే దారినే మనమూ నడుస్తాము. పైగా కష్టమైన భాగమంతా ముందే అయిపోయి మంచి దారి చివరకు మిగులుతుంది కనుక మధ్యలో వెనుదిరగాలనిపించదు. కట్టను చూసి చెరువును చూశామనుకోవడం మన కాలపు అలవాటు అయిపోయిందనీ, చెరువులు పాడవుతున్నది చాలావరకు ఆ చూడని వైపు నుంచేననీ నా నమ్మకం. ఈ వ్యాసమంతా ఆ నమ్మకం గురించే.

నేను ఈ నడకకు కార్తీక మాసాన్నే ఎందుకు ఎంచుకొంటానో కూడా చెప్పాలి. శరత్తు అనగానే మనకు చదువు నేర్పిన బొమ్మ ఒకటి ఉంది: తేరిన నీరు, విరిసిన రెల్లు, మబ్బు విడిన ఆకాశం, వెన్నెల. నన్నయ భారత రచన ఆరణ్యపర్వంలో శరద్రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోతే, తరువాతి కాలంలో ఎర్రన దానిని శరత్కాలపు ఉదయ వర్ణనతో అందుకొన్నాడు. మేఘాల తెర తొలగి వెలిగే ఉదయాలవి. ఎర్రన మా గుడ్లూరు వాడని ప్రతీతి. మా గుడ్లూరు అని కొన్నేళ్లు ధీమాగా అనగలగడం 2022లో కందుకూరు ప్రాంతం ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాకు మారినందువల్ల నాకు దక్కిన లాభం. అయితే గుడ్లూరు వాడికి ఆశ్వయుజ, కార్తీకాలలో ఏటా కనిపించేది తూర్పున సముద్రం మీద నుంచి లేచే నల్లమబ్బు. కావ్యాలలో వానలు వెనుదిరిగే వేళ మాకు వానలు మొదలయ్యే వేళ. ఏడాది మొత్తంలో పడే వానలో సగానికి పైగా మాకు అక్టోబరు, డిసెంబరుల మధ్య ఈశాన్య రుతుపవనాలతోనూ వాయుగుండాలతోనూ వస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి కోతకు వస్తున్నప్పుడు మేము నారుమళ్లు పోస్తాము. పెన్నా కాలువల కింద ఎండాకాలంలో ఎడగారు పండించుకొనే వాళ్లకు మరొక ఆధారం ఉంటుంది కానీ, మెట్టలోని చెరువుకు ఉన్నది ఈ మూడు నెలలే. ఎర్రన అబద్ధం చెప్పాడని అనను. రెండు వాయుగుండాల మధ్య మూడు నాలుగు రోజులు తెరపి ఇస్తుంది. ఆ తెరపిలో తెల్లవారితే అతను చెప్పిన ఉదయం అక్షరాలా కనిపిస్తుంది. మా నడక సరిగ్గా ఆ తెరపిలో పడాలి: తొలి వాన పడి ఉండాలి, చెరువు ఇంకా నిండి ఉండకూడదు. అప్పుడే నీరు ఎటు రావాలనుకొంటున్నదో, ఎక్కడ ఆగిపోతున్నదో కంటికి తెలుస్తుంది.

క్రిందటి ఏడు స్వాతి కార్తెలో మేము ఎడమచేతి దారినే పోయాము. అతను ఒప్పుకోవడానికి నా వాదన కారణం కాదు; కట్ట మీద ఉపాధి పని జరుగుతూ మట్టి పోసి ఉంది.

ఊరు దాటగానే పొగాకు నాట్లు. అప్పుడే నాటిన మొక్కలకు బిందెలతో నీళ్లు పోస్తున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి, ఇంత పొద్దుపోయి ఇటెందుకని అడిగారు. చెరువు చూడడానికని చెబితే, చెరువు అటుంది కదా అని కట్ట వైపు చేయి చూపారు. నా మిత్రుడికి అంతకంటే పెద్ద విజయం అక్కర్లేకపోయింది. ఆ తరువాత తాటితోపు, తంగేడు పొదలు, కరెంటు తీగ మీద ఒంటరిగా ఒక పాలపిట్ట. దసరా రోజు ఎంత వెతికినా కనిపించని పిట్ట, పండుగ వెళ్లిన తరువాత తీరికగా కూర్చొని ఉంటుంది.

కాలువ దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాము. ఊరికి పడమట ఒక వాగు ఉంది. దానికి అడ్డంగా ఏటా మట్టీ కంపా వేసి, నీటిని పక్కకు మళ్లించి, ఆరేడు వందల గజాల కాలువ గుండా చెరువులోకి తెస్తారు. తెచ్చేవారు అనాలేమో. ఇప్పుడు ఆ కాలువలో మా భుజాల ఎత్తున చిల్లచెట్లు పెరిగి ఉన్నాయి. సర్కారు తుమ్మ అని పుస్తకాలు రాసే ఆ చెట్టుకు నరికిన కొద్దీ పెరగడమే తెలుసు. కాలువకు అడ్డంగా ఒక నిమ్మతోటకు దారి వేశారు. ఆ దారి కింద రెండు సిమెంటు గొట్టాలు పెట్టారు. ఒక్కొక్కటి రెండు అడుగుల వెడల్పు. గొట్టాల ముందు పోగుపడిన చెత్తను చూస్తే తొలి వాన నీరు ఎంత దూరం వచ్చి ఆగిందో స్పష్టంగా గీత గీసినట్టు ఉంది. కాలువ వెడల్పు పది అడుగులు. పది అడుగుల నీటిని నాలుగు అడుగుల సందులోకి పంపడం ఎవరి తప్పని నేను అడిగితే, “తప్పేముందిరా, ఆయన తోటకి ఆయన దారి ఏసుకున్నాడు. గొట్టాలు పెట్టినాడు గదా, అదే మేలు” అన్నాడు. అదీ నిజమే. అసలు గొట్టాలు పెట్టకుండా పూడ్చినవాళ్లను మేమిద్దరమూ ఎరుగుదుము.

అక్కడే నాకు 1989 నవంబరు గుర్తుకొచ్చింది. గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్‌లో పుట్టి కావలి దగ్గర తీరం దాటిన తుఫాను అది. మేము అప్పుడు ఆరవ తరగతి. పైకప్పులు ఎగిరిపోతున్న ఆ రాత్రి మా నాన్నా, అతని నాన్నా, ఇంకొందరూ గోనెసంచులు కప్పుకొని, పారలు పట్టుకొని చెరువుకు బయలుదేరారు. కట్టకు ఇసుక మూటలు వేయడానికి పోయారని చాలా ఏళ్లు నేను అనుకొన్నాను. వాళ్లు మొదట పోయింది ఈ కాలువ దగ్గరికని నా మిత్రుడు ఆ సాయంత్రమే నాకు చెప్పాడు. అతనికి వాళ్ల నాన్న చెప్పాడట. వాగుకు అడ్డంగా ఉన్న మట్టిని తెంచి, నీటిని వాగులోకే వదిలివేసి, చెరువులోకి దిగే నీటి జోరు తగ్గించి, ఆ తరువాతే కలుజు దగ్గరికి పోయి అడ్డాలు తీసి, చివరకు కట్ట మీదికి వచ్చారు. కట్ట నిలిచింది. చెప్పిన తరువాత తను నా ముఖం చూశాడు, నేను అతని ముఖం చూశాను, ఎందుకంటే ఆ రాత్రి ఆ పెద్దమనుషులు తిరిగింది ఎడమచేతి లెక్కన. “ఆ రాత్రి ఆచారం ఎవడు జూస్తాడు” అని మాత్రం అన్నాడు.

కాలువ నుంచి చెరువు లోపలి అంచుకు దిగితే దారి అన్నది ఉండదు. తడి ఆరని నల్లమట్టి, మధ్య మధ్య గొర్రెల అడుగులు, రెల్లు. నీటి అంచున తోక ఆడిస్తూ పరుగులు పెట్టే కాటుకపిట్టలు చలిదేశాల నుంచి అప్పటికే దిగి ఉన్నాయి. ఈ వైపున ఒక హద్దురాయి ఉంది. చెరువు కలుజు మట్టానికి నిండితే నీరు ఎక్కడి దాకా వస్తుందో చెప్పే రాయి. దానికి లోపలగా, అంటే నీరు ఉండవలసిన చోట, మినుము చేలు వరుసగా పచ్చగా ఉన్నాయి. అందులో అరవై సెంట్లు నా మిత్రుడిది.

ఈ సంగతి నాకు కొత్త కాదు, అయినా చేలో నిలబడి మాట్లాడడం వేరు. చెరువు ఎక్కడైనా పళ్లెంలాగా ఉంటుంది; అడుగున ఉన్న ఒక అడుగు నీరూ పైన ఉన్న ఒక అడుగు నీరూ సమానం కావు. నీరు పైకి వచ్చే కొద్దీ వెడల్పుగా పరుచుకొంటుంది కనుక పై అడుగులో నిలిచే నీరు కింది అడుగులో నిలిచే నీటికి ఎన్నో రెట్లు ఉంటుంది. అంచును ఆక్రమించిన వాడు చెరువులో కొద్ది భాగమే తీసుకొన్నట్టు కట్ట మీద నుంచి కనిపిస్తుంది. నిజానికి అతను తీసుకొన్నది అన్నిటికంటే విలువైన ఆ పై అడుగును. చేను మునగకుండా ఉండాలంటే చెరువు నిండకూడదు, చెరువు నిండకూడదంటే కాలువలో చిల్లచెట్లు ఉండడమే మంచిది. కాలువను ఎవరూ బాగుచేయకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదని నేను అన్నాను. అతను కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, తనకు కట్ట కింద రెండు ఎకరాల మాగాణి ఉంది కనుక ఈ అరవై సెంట్లు పోయినా ఉన్నా ఒకటేననీ, పక్క చేలవాళ్లకు ఇక్కడ తప్ప మరెక్కడా సెంటు భూమి లేదనీ చెప్పాడు. “కట్ట మీద నిలబడి వాళ్లను ఆక్రమణదారులు అనడం సులభంరా, ఇక్కడికొచ్చి వాళ్ల మొహాన అను” అన్నాడు. నేను అనలేకపోయాను, ఇప్పుడూ అనలేను. కానీ కట్ట మీదనే నడిచి ఉంటే ఈ ప్రశ్న ఉన్నదన్న సంగతే నాకు తెలిసేది కాదు, అటువంటప్పుడు దాని మీద ఇంత ధీమాగా అభిప్రాయం చెప్పే హక్కు కూడా నాకు ఉండదు.

మా కొండలకు అవతల, కడప జిల్లా పోరుమామిళ్లలో, 1369 నాటి శాసనం ఒకటి ఉంది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు తవ్వించి వేయించినది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులోనే లెక్క ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ ఉండకూడని ఆరు దోషాలనూ అది చెబుతుంది. ఆ ఆరు దోషాలు ఇవి: కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు మధ్యలో తాబేటి వీపులాగా మెరక ఉండడం, సాగుకు నేల ఎక్కువై నీరు తక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. ఇందులో కట్టకు సంబంధించినది ఒక్కటే. మిగిలిన అయిదూ నేలను తిరిగి చూస్తే తప్ప తెలియవు. గుండ్లకమ్మ మీది కంభం చెరువును తీసుకొన్నా అంతే. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు పొందిన ఆ చెరువుకు కట్ట అంటే రెండు కొండల మధ్య ఇరుకును మూసిన చిన్న అడ్డుగోడ, దాని వెనక నీరు మైళ్ల కొద్దీ పరుచుకొని ఉంటుంది. కట్టినవాళ్లు కొండలను ముందు చూశారు, కట్ట సంగతి తరువాత ఆలోచించారు.

ఈ చూపు ఒకప్పుడు ఉద్యోగంగా ఉండేది. నీరుకట్టు అనీ నీరుగంటి అనీ ఊరికొక పేరుతో పిలిచే మనిషి ఒకడు, పంటలో వాటా తీసుకొని, రోజూ చెరువును చుట్టి వచ్చేవాడు. తరువాత ఆ పని ప్రభుత్వానికి పోయి, పెద్ద కాలువల మీద నీటిని కనిపెట్టి చూసే లస్కర్లు మిగిలారు; 1997 చట్టంతో సాగునీటి సంఘాలు వచ్చాయి. సంఘాలకు ఎన్నికలు ఉంటాయి, తీర్మానాలు ఉంటాయి, రోజూ నడిచే కాళ్లు మాత్రం ఉండవు.

కలుజు చేరేసరికి చీకటి ముసురుకొంటోంది. రాతి కట్టడం మీద మూరెడు ఎత్తున నిలువు రాళ్లు వరుసగా ఉంటాయి. తుఫానుల కాలం దాటిన తరువాత ఆ రాళ్ల మధ్య మట్టీ గడ్డీ కూరి, నీటిని ఇంకొంచెం ఎత్తున నిలిపి, చివరి తడికి వాడుకొనేవారు. ముందుగానే కూరితే కట్టకే ప్రమాదం, ఆలస్యంగా కూరితే నీరు మిగలదు. ఎప్పుడు కూరాలన్నది తెలిసినవాళ్లు ఇప్పుడు ఊళ్లో ఇద్దరో ముగ్గురో. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలుపట్టాలు కొట్టుకుపోయినప్పుడు మా కలుజు కూడా పది రోజులు పొర్లింది. ఆ వార్తలలో మా ఊరి పేరు రాలేదు. కట్ట తెగలేదు కనుక రాలేదు.

కట్ట మీద నా మిత్రుడు తన వాదం ఎత్తుకొన్నాడు. అతనికి షుగరు ఉంది. డాక్టరు రోజూ నడవమన్నాడు. పట్టణాలలో లాగా ఈ కట్టకు కూడా సిమెంటు పలకలు పరిచి, దీపాలు పెట్టి, కూర్చోవడానికి బల్లలు వేస్తే ఊరంతా నడుస్తుందని అతని ఆశ. కట్టకు రాతి పరుపూ గట్టి మట్టీ కావాలి గానీ దీపాలు దేనికని నేను అంటాను. ఎలుకలూ ఎండ్రకాయలూ చేసిన బొరియలు పలకల కింద కనిపించకుండా పోతాయి. బొరియ వెంట నీరు దారి చేసుకొన్ననాడు పలకలు ఏమీ ఆపలేవు. ఇంతవరకు నాకు అనుమానం లేదు. అయితే అతను ఇంకొక మాట అన్నాడు: “నువ్వూ నేనూ కాబట్టి ముళ్లలోబడి తిరిగొచ్చినాం. మా ఇంట్లోది ఒక్కతే అటు పోగలదా? కట్ట మీద లైటుంటే ఆడోళ్లు నలుగురు గలిసి నడుస్తారు.” దీనికి నా దగ్గర జవాబు లేదు. నేను ఇంతసేపూ గొప్పగా చెప్పుకొచ్చిన ఆ చుట్టునడక మా ఊళ్లో ఏ ఆడమనిషీ సరదాకు చేసినది కాదు. వాళ్లు అటు పోయేది కలుపు తీయడానికో కట్టెలకో. పొగాకు తోటలో మమ్మల్ని అడిగిన ఆవిడకు చెరువు వెనక వైపు నాకంటే బాగా తెలుసు. దానిని చూడడమని ఆవిడ అనదు, అంతే. దీపాలు పెట్టమనే చెప్పాను. పలకలు మాత్రం వద్దన్నాను. అతను సగం గెలిచినట్టు నవ్వాడు.

నేను తిరిగి వచ్చిన పన్నెండు రోజులకు వాయుగుండం పట్టింది. రెండు రాత్రులు ఎడతెగని వాన అని ఇంటి నుంచి ఫోను వచ్చింది. మూడో రోజు తెల్లవారుజామున అతనే చేశాడు. వెనక వాన చప్పుడు వినిపిస్తోంది.

“చెరువులో నీళ్లు పెరగలేదబ్బయా. వాగు మాత్రం నిండుగా పోతా ఉంది.”

గొట్టాలు మూసుకుపోయి ఉంటాయని అన్నాను.

“పోయి చూసినా. రెండూ మూసుకుపోయి ఉండాయి. నిమ్మతోటలో మోకాలి లోతు నిలబడింది, ఆయన కూడా పార తీసుకొని వస్తా ఉండాడు.”

మినుము సంగతేమిటని అడిగాను.

“కాయ ఇంకా ముదరలేదు” అన్నాడు. కొంచెం ఆగి, తోటాయన పిలుస్తున్నాడని చెప్పి ఫోను పెట్టేశాడు.